‘ఆసక్తి లేదు’ అనే గడి

ఆవిడ రిటైరైన రోజున మా బడివాళ్లు ఆవిడ చేతిలో ఒక గోడగడియారం పెట్టి, విద్యార్థుల భవిష్యత్తుకు బాటలు వేసిన మహా మనిషి అని మైకులో పొగిడారు. అలా పొగిడిన నలుగురిలో ముగ్గురు, అంతకు మూడేళ్ల ముందు ఆవిడ గదికి తాళం వేయించినవాళ్లే. మాటలకు పన్ను లేదు కాబట్టి సరిపోయింది. వెనక వరుసలో కూర్చుని నేనూ చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లలో ఎంత సిగ్గులేనితనం ఉందో నాకు తెలుసు. అందుకే జరిగింది జరిగినట్టు రాద్దామని కూర్చున్నాను.

ఆవిడ మా బడికి వచ్చింది టైపిస్టుగా. ఇరవై రెండేళ్లు ప్రశ్నపత్రాలు, సర్టిఫికెట్లు, మా సెలవు చీటీలు కొట్టింది. తర్వాత కంప్యూటర్లు వచ్చి టైపు మిషను మూలన పడింది. సరిగ్గా అప్పుడే పైనుంచి తనిఖీకి వచ్చినవాళ్లు, ఆఖరి సంవత్సరం పిల్లల్ని పై చదువులకీ ఉద్యోగాలకీ సిద్ధం చేసే మనిషి మీ బడిలో ఎవరు అని అడిగారు. అలాంటి మనిషి ఉండాలన్న సంగతే మా పెద్దసారుకి తెలియదు. చేతిలో పని లేకుండా కనిపించిన ఆవిడను చూపించి, ఈవిడే అన్నాడు. అలా నిలబడ్డ పాటున ఆవిడ కెరీర్ గైడెన్స్ మేడమ్ అయిపోయింది.

గదంటూ ఒకటి ఇవ్వాలి కాబట్టి మెట్ల కింది గది ఇచ్చారు. అందులో అంతకు ముందు గాలిపోయిన బంతులు, తెగిన వలలు పడేసేవారు. తలుపు ఎంత పొట్టిదంటే పొడుగు పిల్లలు వంగి లోపలికి రావాలి. ఆవిడ ఒక బల్ల, రెండు కుర్చీలు, ఎక్కడినుంచో తెచ్చుకున్న ఒక ట్యూబులైటు పెట్టుకుంది. ఎవరు వచ్చి ఏం చెప్పినా ఆవిడ అడిగే మొదటి ప్రశ్న ఒకటే. డాక్టరునవుతా అంటే ఎందుకు అనేది. పైలట్‌నవుతా అంటే ఎందుకు అనేది. ఏమీ అవను అన్నవాణ్ణి కూడా వదలకుండా ఎందుకు అనేది. పిల్లలు ఎందుకమ్మ అని పేరు పెట్టారు. ఆ సంగతి తెలిసి ఆవిడ నవ్వింది. పేరు పెట్టడానికైనా నా గురించి కాసేపు ఆలోచించారుగా అంది.

ఆవిడ తండ్రి ఒక బట్టల దుకాణం వెనక గదిలో ప్యాంట్ల అంచులు మడిచి కుట్టే దర్జీ. చిన్నప్పుడు ఆయన టేపు ఎత్తుకుపోయి వీధి పొడవు కొలిచి కాగితం మీద గీసేదట. భూమిని కొలిచే సర్వే పని నేర్చుకోవాలని ఆవిడ కోరిక. పదహారో ఏట ఆవిడ చదివిన బడి హెడ్మాస్టరు మార్కుల కాగితం చూసి, టైపు నేర్పించండి, ఆడపిల్లకి కూర్చుని చేసుకునే పని అని తండ్రికి చెప్పాడు. తండ్రి తలూపాడు. పిల్లను ఎవరూ అడగలేదు. ఈ కథ ఆవిడ మాకు జోకులా చెప్పేది. అప్పుడెవరైనా నన్ను అడిగి ఉంటే ఈపాటికి ఏ కొండ మీదో టేపు పట్టుకుని ఉండేదాన్ని, మీకీ పీడ తప్పేది అనేది. మేం నవ్వేవాళ్లం. నవ్వాల్సిన కథ కాదని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది.

ఆ గది గోడల మీద విమానాలు, స్టెతస్కోపుల బొమ్మలు ఉండేవి కావు. తెల్ల కాగితాలు వరసగా అంటించి ఉండేవి. కనిపించిన ప్రతి పనివాణ్ణీ ఆపి, పోయిన సోమవారం పొద్దున పది గంటలకి మీరేం చేస్తున్నారు అని ఆవిడ అడిగేది. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసి గోడకి అంటించేది. నర్సు: నాలుగో మంచం దుప్పటి మారుస్తున్నాను, ఆ మంచం మీది పెద్దాయన ఇవాళ ఏ వారం అని మూడోసారి అడిగాడు. ఇంజినీరు: ఒక సంతకం కోసం వరండాలో కూర్చుని ఉన్నాను. పైలట్: ఇంట్లో నిద్రపోతున్నాను. లాయరు: ఫైలు కనబడలేదు, వెతుకుతున్నాను. అద్దాల దుకాణం ఆయన: ఒక పిల్లకి మొదటిసారి కళ్లజోడు పెట్టాను, చెట్టుకి ఆకులు విడివిడిగా ఉంటాయా అని అడిగింది. అలాంటివి రెండు వందలకు పైగా ఉండేవి. విరామంలో పిల్లలు మెడలు సాచి ఆ సోమవారాలు చదువుకునేవాళ్లు.

ఇక నా సంగతి. నేను లెక్కల మాస్టర్ని, ఆఖరి సంవత్సరం క్లాసు టీచర్ని. చేతిలో ఎప్పుడూ స్కేలు ఉండేది కాబట్టి పిల్లలకి నేను స్కేలు సారుని. మార్కులు అబద్ధం చెప్పవని నా నమ్మకం. ఎందుకమ్మ గదిని స్టాఫ్ రూములో అందరి ముందూ ఎన్నోసార్లు ఎగతాళి చేశాను. పరీక్షలు దగ్గర పడుతుంటే పిల్లల్ని సోమవారాలు చదివిస్తోంది, రేపు మంగళవారాలు మొదలుపెడుతుంది అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది.

శనివారాల్లో ఆవిడ పిల్లల్ని పనులు జరిగే చోట్లకి తీసుకెళ్లేది. ప్రెస్సు, నీళ్లు శుభ్రం చేసే ప్లాంటు, కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబు. మొదటి గంట ఎవరూ నోరెత్తకూడదు, చూడటమే. తర్వాత ఎన్ని ప్రశ్నలైనా అడగొచ్చు. ఆ గంటలో ఆవిడ పనిని చూసేది కాదు, పిల్లల్ని చూసేది. ఎవరు ఎక్కడ ఆగారు, ఎవరు ముందుకు జరిగారు, ఎవరు గడియారం చూశారు, అంతా ఒక నోటుబుక్కులో రాసుకునేది. పిల్లల నోళ్లు పెద్దవాళ్లకి కావలసింది చెప్తాయి మాస్టారూ, కాళ్లు మాత్రం వాటికి నచ్చిన చోటే ఆగుతాయి అని నాతో అంది ఒకసారి. నేను పట్టించుకోలేదు.

మా క్లాసులో లిఫ్టు మెకానిక్ కూతురు ఒకమ్మాయి ఉండేది. సరాసరి యాభై ఎనిమిది మార్కులు. ఆ పిల్ల గొంతు నేను హాజరు పిలిచినప్పుడు తప్ప విన్నట్టు గుర్తు లేదు. ఒక శనివారం ఎందుకమ్మ వాళ్లని ఆసుపత్రి వెనక ఉన్న కృత్రిమ కాళ్ల వర్క్‌షాపుకి తీసుకెళ్లింది. గది నిండా ప్లాస్టరు పొడి, అరల్లో సైజుల వారీగా పాదాలు, ఒక్కో పాదం మీద పెన్సిలుతో రాసిన పేరు. గంట కాగానే పిల్లలంతా బయటికి పోయారు. ఈ పిల్ల అక్కడే ఉంది. అప్పుడే ఒక ముసలాయన, కొత్త కాలు గుచ్చుకుంటోందని వచ్చాడు. అక్కడ కాళ్లు తయారుచేసే పనాయన పట్టీలు విప్పి చూశాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు. ఏమీ దొరకలేదు. ఈ పిల్ల నెమ్మదిగా ముందుకొచ్చి, తాతగారూ మీ చెప్పు ఒకసారి ఇస్తారా అని అడిగింది. తిరగేసి చూసింది. ఒక పక్కే అరిగి ఉంది. మీరు మెట్లు దిగేటప్పుడు ఇటు పక్కకి వాలుతున్నారా అంది. మా ఇంటి మెట్లకి పట్టుకునే కమ్మీ ఒక వైపే ఉందమ్మా అన్నాడు ముసలాయన. పనాయన చేస్తున్న పని ఆపేసి ఆ పిల్ల వంక చూశాడట.

ఇదంతా ఎందుకమ్మ నాకు వరండాలో నిలబెట్టి చెప్పింది. ఆ పని నేర్పే కాలేజీ ఒకటుంది, పద్దెనిమిది సీట్లు, మార్కులకి విలువ తక్కువ, చేతి పనికీ మాట్లాడించి చూసేదానికీ ఎక్కువ అని చెప్పింది. యాభై ఎనిమిదితో ఎక్కడికి పోతుందిలెండి అన్నాను. ఆవిడ మొహం కాస్త వాడింది. అప్పటికి రెండు నెలల క్రితమే ఆ పిల్ల తలుపు నేను మూసేశానని ఆవిడకి తెలియదు. నిజం చెప్పాలంటే నాకూ గుర్తు లేదు.

ఆ తలుపు ఎలా మూశానో చెప్పాలంటే మా గేటు మీద బోర్డు సంగతి చెప్పాలి. ‘దరఖాస్తు చేసిన ప్రతి విద్యార్థికీ కాలేజీ సీటు, వరుసగా తొమ్మిదో ఏడు’ అని దాని మీద పెద్ద పెద్ద అక్షరాలు. ఆ బోర్డు చూసి తల్లిదండ్రులు పక్క బడుల్లోంచి పిల్లల్ని తెచ్చి ఇక్కడ చేర్చేవారు. ఆ మాటను ఎవరూ నిదానంగా చదవలేదు. దరఖాస్తు చేసిన ప్రతి విద్యార్థికీ అట. సీటు రాదనుకున్నవాడి చేత అసలు దరఖాస్తే చేయించకపోతే సరి. ప్రతి విద్యార్థికీ ఒక ఆసక్తి పత్రం ఉంటుంది. అందులో రెండు గడులు. పై చదువులపై ఆసక్తి ఉంది, ఆసక్తి లేదు. రెండో గడిలో టిక్కు పడితే ఆ పిల్లవాడి దరఖాస్తును పరీక్షల కార్యాలయం ముట్టుకోదు. దాని కింద తల్లో తండ్రో సంతకం పెట్టాలి. మా ఆఫీసులో ఏటా సెలవులైపోయి బడి తెరవక ముందే తల్లిదండ్రుల ముందు పదకొండు కాగితాల కట్ట పెట్టి వరసగా సంతకాలు పెట్టించేవారు. బస్సుకి ఒకటి, లైబ్రరీకి ఒకటి, ఫొటోకి ఒకటి. ఆసక్తి పత్రం పదోది, ఖాళీగా. తొమ్మిది సంతకాలు పెట్టిన చెయ్యి పదో దగ్గర ఆగదు.

ఆ తర్వాత ఆ గడులు నింపే పని క్లాసు టీచరుది. దానికి మేం పెట్టుకున్న పేరు సర్దుబాటు. అబద్ధం అన్న మాట మా స్టాఫ్ రూములో ఎవరి నోటా రాలేదు, అంత మర్యాదస్తులం. ఆ ఏడు నా క్లాసులో అరవై ఒక్క మంది. మార్కుల జాబితాలో అరవై అయిదు దగ్గర స్కేలు పెట్టి, దాని కింద పడ్డ ముప్పై ఏడు మందికీ ‘ఆసక్తి లేదు’ అని కొట్టేశాను. నలభై నిమిషాలు పట్టింది. మధ్యలో టీ వచ్చింది. ఆ టీ బాగుందన్న సంగతి గుర్తుంది నాకు, ఆ కొట్టేసిన పేర్లలో ఒక్కటీ గుర్తు లేదు.

ఇదేదీ తెలియని ఎందుకమ్మ, ప్రతి ఏడూ సగం మంది పిల్లలు దరఖాస్తు చేయకపోతే అది తన చేతకానితనమే అనుకునేది. పిల్లల మనసు మారిపోయిందండీ అని ఆఫీసులో చెప్తే నమ్మేది. ఎన్ని ఇళ్లకి వెళ్లి ఎంత మందిని బతిమాలిందో. మేం చూస్తూ ఊరుకున్నాం.

దరఖాస్తులకి శుక్రవారం అయిదు గంటలు గడువు. ఆ వారం సోమవారం నాడు ఆవిడ లిఫ్టు మెకానిక్ కూతుర్ని వెంటబెట్టుకుని పరీక్షల కార్యాలయానికి నడిచి వెళ్లింది. బడికి ఇరవై నిమిషాల దూరం. కిటికీ అవతల గుమాస్తా నంబరు కొట్టి చూసి, ఈ అమ్మాయికి ఆసక్తి లేదని మీ బడే పంపిందిగా, కింద తండ్రి సంతకం కూడా ఉంది అన్నాడు. తప్పు దిద్దాలంటే హెడ్మాస్టరు గానీ, ఆ గడి నింపిన టీచరు గానీ సొంత చేత్తో రాసివ్వాలి, ఒక్కో విద్యార్థికీ విడిగా. ఆ పిల్ల అంతా విని కిటికీ దగ్గర్నుంచి పక్కకి జరిగింది. మా నాన్నకి ఇష్టం లేదేమో మేడమ్ అంది. ఆ రోజునుంచి ఇంట్లో తండ్రితో మాట్లాడటం మానేసింది. ఆయనకి ఎందుకో తెలియదు. నేను స్టాఫ్ రూములో కూర్చుని పెట్టిన ఒక టిక్కు వెళ్లి ఆ ఇంట్లో తండ్రీకూతుళ్ల మధ్య కూర్చుంది.

మంగళవారం ఆవిడ పెద్దసారు గదికి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఒక ఉత్తరం రాసివ్వమంది. పెద్దసారు చాలా మెత్తగా మాట్లాడతాడు. ఒక పోగు లాగితే స్వెట్టరంతా ఊడిపోతుందమ్మా అన్నాడు. ఒక్కరికి ఇస్తే మిగతావాళ్లు ఊరుకోరు, అయినా ఆ పిల్ల ఏదో చిన్న కంప్యూటరు కోర్సు చేసుకుంటే హాయిగా బతుకుతుంది, మనం పిల్లలకి లేనిపోని ఆశలు పెట్టకూడదు అన్నాడు. నలభై ఏళ్ల క్రితం ఆవిడకి టైపు రాసిపెట్టినాయన కూడా ఇంత మెత్తగానే మాట్లాడి ఉంటాడు. ఆ గడిలో టిక్కు పెట్టింది ఎవరు అని ఆవిడ అడిగింది. పెద్దసారు నా వైపు చూడలేదు. నేను బల్ల మీది పేపర్‌వెయిట్ చూస్తూ కూర్చున్నాను. దాని లోపల ఒక నీలం పువ్వు ఉంది. ఆ పువ్వుకి ఎన్ని రేకులో ఇప్పుడడిగినా చెప్పగలను.

బుధవారం లిఫ్టు మెకానిక్ వచ్చాడు. పని మధ్యలో వచ్చినట్టున్నాడు, నడుముకి పనిముట్ల పట్టీ అలాగే ఉంది, చేతులకి గ్రీజు. కూర్చోమంటే కుర్చీ పాడవుతుంది సార్ అని నిలబడే ఉన్నాడు. సంతకం మీదే కదా అని పెద్దసారు పత్రం తీసి ఆయన ముందు పెట్టాడు. లిఫ్టుల పని చేసేవాళ్లకి ఒక అలవాటుంది. ప్రతి లిఫ్టులో తనిఖీ కార్డు ఉంటుంది, దాని మీద సంతకం పెట్టినప్పుడల్లా పక్కన తారీఖు, గంట, నిమిషం వేయాలి. ఈయన ఎక్కడ సంతకం పెట్టినా చెయ్యి దానంతటదే టైము వేసేస్తుంది. ఆసక్తి పత్రం మీద కూడా వేశాడు. బడి తెరవడానికి రెండు రోజుల ముందు తారీఖు, పొద్దున తొమ్మిదీ పది.

"సంతకం నాదే సార్," అన్నాడు. "కానీ ఆ రోజుకి మా అమ్మాయి ఈ క్లాసులో ఒక్క పూట కూడా కూర్చోలేదు. దానికి చదువు మీద ఆసక్తి లేదని మీకప్పుడే ఎలా తెలిసింది?"

పెద్దసారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"లిఫ్టు చూడకుండా కార్డు మీద రాస్తే మమ్మల్ని జైల్లో వేస్తారు సార్," అన్నాడు ఆయన, గొంతు పెంచకుండానే. "మా పనిలో అలా చేస్తే మనుషులు పడి చచ్చిపోతారు."

చూద్దాం లెండి అని ఆయన్ని పంపించేశాక పెద్దసారు నాకు ఒక మాట చెవిన వేశాడు. ఉత్తరం తను రాయడట. నేను రాస్తే తప్పు నా ఒక్కడి నెత్తికే చుట్టుకుంటుంది. వైస్ ప్రిన్సిపాలు పోస్టుకి వచ్చే నెలలో పేరు పంపాలి, అందులో మొదటి పేరు నాదే. తొందరపడొద్దు అన్నాడు. నేను తొందరపడలేదు. గురువారం ఎప్పటిలాగే పాఠం చెప్పాను. ఆ పిల్ల మూడో బెంచీలో కూర్చుని నేను బోర్డు మీద రాసిందంతా తలవంచుకుని ఎక్కించుకుంది.

ఆ సాయంత్రం మా ఆవిడతో చెప్పాను. నాలుగు ఓదార్పు మాటలు వినొచ్చని చెప్పాను, అంతకు మించి ఏ సదుద్దేశమూ లేదు. మా ఆవిడ బట్టలు మడత పెడుతోంది. అంతా విని, చేతిలో చొక్కా అలాగే పట్టుకుని నా వంక చూసింది.

"మనవాడికి వచ్చింది అరవై రెండేగా. అప్పుడు స్కేలు ఎక్కడ పెట్టారు?"

మావాడూ ఆ బడిలోనే చదివాడు. ఆ ఏడు నేను అరవై దగ్గర పెట్టాను స్కేలు. మా ఆవిడ చొక్కా మడిచి పక్కన పెట్టి ఇంకోటి తీసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఉత్తరం రాశాను. ‘ఈ విద్యార్థినిని అడగకుండా, మార్కులు మాత్రమే చూసి, నేనే ఈ గడిలో గుర్తు పెట్టాను. ఆమెకు ఆసక్తి లేదన్నది నిజం కాదు.’ కింద సంతకం చేసి మెట్ల కింది గదికి పట్టుకెళ్లాను. దాచడం దేనికి, నడుస్తుంటే ఛాతీ కొంచెం విరుచుకుంది కూడా. ఎంత త్యాగం చేస్తున్నానో అనుకున్నాను. ఆవిడ ఉత్తరం రెండు సార్లు చదివి ఒక ఫైల్లో పెట్టింది. కృతజ్ఞత చెప్తుందని నిలబడ్డాను. ఆవిడ సొరుగు లాగి ఒక కాగితాల బొత్తి తీసి నా ముందు పెట్టింది. ముప్పై ఆరు కాగితాలు. ఒక్కో దాని మీద, పరీక్షల కార్యాలయంలో అడిగి రాసుకొచ్చిన ఒక్కో పేరు. మిగతాదంతా ఖాళీ.

"కూర్చోండి మాస్టారూ," అంది. "పావుతక్కువ రెండయింది. అయిదింటి దాకా టైముంది."

కూర్చున్నాను. నేను రాయడానికి ఎంతో సేపు పట్టలేదు. ఆలస్యం అయింది పిల్లల్ని అడగడం దగ్గర. ఆవిడ ఒక్కొక్కర్నీ క్లాసులోంచి పిలిపించి, ఏ కాలేజీకి, ఏ చదువుకి అని అడిగి దరఖాస్తు నింపాలి. లోపలికి వచ్చిన పిల్ల గానీ పిల్లాడు గానీ ముందు బిక్కమొహం వేసుకుని, నేనేం తప్పు చేశాను మేడమ్ అనేవాళ్లు. నిన్ను అడగాల్సింది ఒకటుంది అంటే నమ్మేవాళ్లు కాదు. నన్ను కూడా రాయమంటారా, నాకు మార్కుల్లేవుగా అని నా వంక చూసేవాళ్లు. ఆవిడ ఓపిగ్గా నోటుబుక్కు తీసి, నువ్వు ప్రెస్సులో అంతసేపు నిలబడ్డావు కదా, నువ్వు ఆసుపత్రి వంటగదిలో లెక్కలు అడిగావు కదా అని గుర్తు చేసేది. అప్పుడు ఒక్కో మాటా బయటికి వచ్చేది. నా క్లాసు పిల్లలకి ఇన్ని కోరికలు ఉన్నాయని నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. నాలుగున్నరకి లెక్క చూస్తే, మొదటి దానితో కలిపి పన్నెండు అయ్యాయి. ఇక ఆపకపోతే ఆ పన్నెండూ పోతాయి. లిఫ్టు మెకానిక్ గేటు దగ్గర మోటారు సైకిలు మీద సిద్ధంగా ఉన్నాడు. ఆవిడ ఫైలు ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చుంది. కిటికీ మూసే ముందు పన్నెండు దరఖాస్తులూ తీసుకున్నారు. బల్ల మీద ఇరవై అయిదు కాగితాలు పేర్లతో అలాగే మిగిలిపోయాయి.

లిఫ్టు మెకానిక్ కూతురికి సీటొచ్చింది. ఉత్తరం కాపీ చూశాక కూతురు ఇంట్లో మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టిందని ఆయన నాకే వచ్చి చెప్పాడు, అదే నోటితో నన్ను తిట్టకుండా. మిగతా పదకొండు మందిలో ఆరుగురికి వచ్చింది, అయిదుగురికి రాలేదు. రానివాళ్లు ఏడ్చారు. కనీసం ఒక పరీక్ష రాసి, అడిగించుకుని, ఆ తర్వాత ఏడ్చారు. గేటు మీద బోర్డు పెద్దసారుకి పనికిరాకుండా పోయింది. దాని మీద రంగు వేయించి, ‘విలువలతో కూడిన విద్య’ అని రాయించాడు. ఆ విలువల్లో భాగంగా నాకు మెమో వచ్చింది, పోస్టు వేరేవాళ్లకి పోయింది. దాని గురించి నాకు ఎవరి జాలీ అక్కర్లేదు. ఎందుకమ్మ గదిని పరీక్ష కాగితాలు దాచడానికి కావాలని తాళం వేశారు. సోమవారాలన్నీ గోరుతో గీకి తీసేశారు. ఆవిడని లైబ్రరీలో పుస్తకాలకి నంబర్లు అంటించే పనిలో పెట్టారు.

ఆవిడ పగలు నంబర్లు అంటించి, బడి వదిలాక ఆ ఇరవై అయిదు ఇళ్లకీ వెళ్లడం మొదలుపెట్టింది. వచ్చే ఏడాది మళ్లీ దరఖాస్తు చేయొచ్చు, జరిగింది ఇదీ అని చెప్పాలట. నన్నూ రమ్మంది. మోకాలు నొప్పి అన్నాను. నా మోకాలు బాగానే ఉంది.

తొమ్మిది ఇళ్లు తిరిగాక ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఎనిమిది ఇళ్లలో తల్లిదండ్రులు ఒకే మాట అన్నారట, మావాడికి ఆసక్తి లేదండీ, బడివాళ్లే రాశారుగా అని. అది ఆవిడ ఊహించిందే. తొమ్మిదో ఇంట్లో తల్లి ఏమీ అనలేదు. పిల్లవాడే అన్నాడు. నీళ్ల ప్లాంటుకి తీసుకెళ్లినప్పుడు, మొదటి గంట అయిపోయిందా మేడమ్ అని నాలుగు సార్లు అడిగి, ఆ తర్వాత ఇక అక్కడి ఇంజినీరుని ఊపిరి తీసుకోనివ్వని పిల్లవాడు. వాడిప్పుడు ఒక దుకాణంలో డబ్బాలు సర్దుతున్నాడు. నాకు చదువు మీద ఆసక్తి లేదు మేడమ్ అన్నాడట, నవ్వుతూ.

"ఆ మాట వాడిది కాదు మాస్టారూ, మీది," అంది. "వెళ్లి వెనక్కి తెచ్చుకోండి."

ఆ సాయంత్రం వెళ్లాను. మూడో అంతస్తు, ఇరుకు వరండా, ఆరేసిన బట్టల కింద నుంచి వంగి వెళ్లాలి. తలుపు వాడే తీశాడు. సార్ మీరా అని కంగారుగా కుర్చీ లాగాడు, దాని మీది పాత పేపర్లు తీసేశాడు. నేను కూర్చోలేదు. ఆ గడిలో టిక్కు పెట్టింది నేనని, నిన్ను అడగలేదని, నీ పేరు కూడా చూడలేదని చెప్పాను. ఇంతకీ నీకేం చదవాలని ఉండేది అని అడిగాను. మూడేళ్లు వాడికి లెక్కలు చెప్పినవాణ్ణి, ఈ ప్రశ్న అడగడం అదే మొదలు.

వాడు నిజంగానే ఆలోచించాడు.

"అప్పుడు అడిగుంటే ఏదో చెప్పేవాణ్ణి సార్," అన్నాడు. "ఇప్పుడు గుర్తు రావట్లేదు."

ఆ శుక్రవారం గడిచి అప్పటికి మూడు నెలలే అయింది.